టెక్ సందేహాలు: మారియో గోతిలో పడితే తప్పు టీవీది

ఈసారి అన్నీ పాత గేముల ప్రశ్నలే. చిన్నప్పుడు ఇష్టపడిన గేము కంటికన్నా వేలికి ఎక్కువ గుర్తుంటుంది. ఎప్పుడు నొక్కాలో బొటనవేలికే తెలుసు. అందుకే పాత గేము మళ్లీ పెట్టేటప్పుడు బొమ్మ ఎంత బాగుందన్నది తర్వాత చూద్దురుగాని, ముందు వేగం సరిచూడండి.

"అటక మీద పాత టీవీ గేము, మారియో క్యాసెట్ దొరికాయి. మా గుంటడికి చూపిద్దామని ఎల్‌ఈడీ టీవీకి పెడితే తెరంతా గళ్లు. ఊదగా ఊదగా వచ్చింది. కానీ ప్రతి గోతిలోనూ పడిపోతున్నాను. వయసైపోయిందంటారా?" (నరసన్నపేట)

వయసు మీద నెట్టకండి. ముందు ఊదడం ఆపండి. క్యాసెట్ పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ గుచ్చినప్పుడు పిన్నులు ఒరుసుకున్నందుకు. నోటి తడి వల్ల రాగికి పచ్చటి చిలుము పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి ఎలాగూ ఆ పని చేస్తూనే ఉంటుంది, మనం తోడెందుకు?

క్యాసెట్ అడుగున వైపుకు 30 చొప్పున 60 పిన్నులు ఉంటాయి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు, 99 శాతంది తీసుకోండి. ఇయర్‌బడ్‌ను అందులో ముంచి పిన్నుల వెంట పైనుంచి కిందికి తుడవండి. దూది నల్లబడటం ఆగేదాకా బడ్స్ మారుస్తూ తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. మొండి చిలుముకు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. గరుకు కాగితం మాత్రం వాడొద్దు, పిన్ను మీది పూత లేచిపోతుంది. అడాప్టర్ పాతది పోయి కొత్తది కొంటుంటే ఓల్టేజీతోపాటు ప్లస్, మైనస్ ఏ వైపో గేము సెట్టు వెనక ఉన్న గుర్తుతో పోల్చండి. తారుమారైతే సెట్టు కాలిపోవచ్చు.

ఇక గోతుల సంగతి. పాత డబ్బా టీవీ వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టే గీసేస్తుంది. ఎల్‌ఈడీ టీవీ దాన్ని పట్టి, పెద్దది చేసి, నునుపు చేసి అప్పుడు చూపిస్తుంది. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్లు అనుకుందాం. సెకనుకు 50 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వేసే గేము సెట్టులో అది 5 ఫ్రేములు. బి నొక్కి పూర్తి వేగంతో పరిగెత్తే మారియో ఫ్రేముకు రెండున్నర పిక్సెళ్లు కదులుతాడు. అంటే మీరు చూస్తున్న మారియో కన్నా అసలు మారియో పన్నెండున్నర పిక్సెళ్లు ముందున్నాడు. ఇటుక వెడల్పు 16 పిక్సెళ్లే! అంచున ఎగిరే అలవాటున్నవాడు పడక ఏం చేస్తాడు?

టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆపండి. చవక ఏవీ–హెచ్‌డీఎంఐ డబ్బా మధ్యలో పెడితే ఆలస్యం ఇంకా పెరగొచ్చు. టీవీకే ఏవీ రంధ్రం ఉంటే నేరుగా గుచ్చండి. బొమ్మ రాక బుర్రుమంటుంటే గేము పసుపు పిన్నును టీవీ కేబుల్ ఎరుపు, తెలుపు కొసల్లో పెట్టి చూడండి, కేబుళ్లలో తీగల వరస ఒకేలా ఉండదు. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కలర్ సిస్టమ్‌ను పాల్‌కు మార్చండి. బాతుల్ని కాల్చే తుపాకీ మాత్రం ఎల్‌ఈడీ మీద పనిచేయదు. మీట నొక్కగానే బాతు ఉన్నచోట ఒక్క ఫ్రేము పాటు మెరిసే తెల్లటి గడిని అది వెతుకుతుంది, ఈ తెర ఆ వేళకు అందించలేదు.

అన్నట్టు, 1985 నాటి ఆ మారియో మొత్తం 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకన్నా పెద్దది. చోటు చాలక మేఘాన్నే ఆకుపచ్చ రంగేసి పొదగా వాడుకున్నారు. మీ అబ్బాయికి చూపించండి, ఆ తర్వాత ఇక అదే కనిపిస్తుంది.

"విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో వైస్ సిటీ వేశాను. మౌస్ తిరగడం లేదు, కారు రివర్స్ సరిగా పోవడం లేదు. ఆ బొమ్మ హెలికాప్టర్ మిషన్ అప్పుడూ గెలవలేదు, ఇప్పుడూ లేదు." (బొబ్బిలి)

మౌస్‌కు: డాక్యుమెంట్స్‌లో వైస్ సిటీ యూజర్ ఫైల్స్ ఫోల్డర్ తెరిచి, చివర డాట్ సెట్ అని ఉన్న ఫైలు తీసేయండి. అది సెట్టింగ్స్ ఫైలు మాత్రమే, సేవ్ చేసుకున్న ఆటలు పోవు. అప్పటికీ కుదరకపోతే సైలెంట్‌ప్యాచ్ అనే దిద్దుబాటు ఫైలు వేయండి. కారుకు: డిస్‌ప్లే సెటప్‌లో ఫ్రేమ్ లిమిటర్ ఆన్ చేయండి. ఈ గేము సెకనుకు 30 ఫ్రేముల లెక్కన కట్టింది. కొత్త ల్యాప్‌టాప్ జోరుగా పరిగెత్తిస్తే బండి లెక్కలు తప్పుతాయి.

హెలికాప్టర్ మిషన్‌లో చాలామంది ఓడేది నంబర్ ప్యాడ్ లేకపోవడం వల్ల. ముందుకు 8, వెనక్కు 5, పక్కలకు 4, 6. చిన్న ల్యాప్‌టాప్‌లో అవి లేవు. కంట్రోల్స్‌లో బండ్ల బటన్ల జాబితాకెళ్లి, టరెట్ అన్న మాటతో ఉన్నవాటిని చేతికందే మీటలకు మార్చుకోండి. ఇంకో కిటుకు: మొదటి బాంబు ఎత్తేదాకా గడియారం మొదలుకాదు. ముందు తీరిగ్గా భవనంలో తిరిగి కూలీల్ని, కాపలావాళ్లని రెక్కతో దించేసి, అప్పుడు బాంబు పట్టండి.

కుదించిన సెటప్ దించుకుని ఉంటే కారెక్కి రేడియో పెట్టి చూడండి. సైజు తగ్గించడానికి చాలామంది ముందు కోసేది దాన్నే. రేడియో లేని వైస్ సిటీ, నా దృష్టిలో, తాలింపు లేని పప్పు.

"స్కూలు ల్యాబ్‌లో ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొత్త పీసీలో తెరుచుకోవడమే లేదు." (విజయనగరం)

అది 16 బిట్ ప్రోగ్రాము, 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోదు. పాత డాస్ గేముల్ని నడిపించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము వేసుకోండి. సి డ్రైవులో గేమ్స్ అనే ఫోల్డర్ పెట్టి, డాస్‌బాక్స్‌లో 'మౌంట్ సి సి:\గేమ్స్' కొట్టండి, తర్వాత 'సి:', ఆపైన గేము ఫైలు పేరు (అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే). నత్తనడకైతే కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కితే సైకిల్స్ (అంటే గేము నడిచే వేగం) పెరుగుతాయి, ఎఫ్11తో తగ్గుతాయి. మరీ పెంచితే శబ్దం తెగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కూడా నొక్కాల్సి రావచ్చు.

ఆ గేము రచయిత జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెడుతుంటే వీడియో తీసి, దాని మీదే అడుగడుగూ గీశాడు. అందుకే మనిషి నిజంగా తూలినట్టుంటాడు, ఆగమన్నా వెంటనే ఆగడు. షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కితే జాగ్రత్తగా ఒక్కో అడుగు, గోతి అంచుదాకా. మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జితో సేవ్ చేయొచ్చు. ఆట ముగించడానికి ఇచ్చే 60 నిమిషాల గడువు మాత్రం సేవ్‌తో మళ్లీ మొదటికి రాదు.

"నోకియా పాము ఆట టచ్ ఫోన్‌లో ఎందుకో రుచించడం లేదు." (పలాస)

గాజు మీద వేలికి బటన్ అంచు తగలదు, చూడకుండా ఆడలేరు. ఓటీజీతో చిన్న యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ తగిలించి, మీటలు మార్చుకునే వీలున్న యాప్‌లో ఆడండి. ఒక్కటి మరవకండి: ఫోన్‌లో పైకి 2, కిందికి 8, కంప్యూటర్ ప్యాడ్‌లో 8 పైన, 2 కింద ఉంటాయి. ముందే తిరగేసుకోకపోతే పాము మొదటి మలుపులోనే గోడకు కొట్టుకుంటుంది.