తొలి సన్నివేశ విశ్లేషణ కథ చెప్పడంగా మారకుండా ఉండాలంటే

రొమాంటిక్ కామెడీ తొలి సన్నివేశాన్ని విశ్లేషించబోతే అది కథను తిరిగి చెప్పడంగానే మిగిలిపోతోందని మీరు రాశారు. జరిగినదాన్ని ఒక్క వాక్యంలో ముగించి, ప్రేమలో పడబోయే ఆ ఇద్దరికీ పొసగదని ఏ వస్తువు, ఏ చేష్ట చూపిస్తోందో పట్టుకోండి. 1989 నాటి ‘వెన్ హ్యారీ మెట్ శాలీ’లో షికాగో నుంచి న్యూయార్క్‌కు 18 గంటల కారు ప్రయాణాన్ని శాలీ మూడేసి గంటల చొప్పున ఆరు వంతులుగా ముందే లెక్కవేసుకుని ఉంటుంది, హ్యారీ మాత్రం ద్రాక్ష గింజను బయటికి ఉమ్మబోయి, మూసి ఉన్న కిటికీ అద్దం మీదే ఉమ్ముతాడు. నా దృష్టిలో వారి సంభాషణకన్నా ఆ అద్దమే ఎక్కువ చెబుతుంది. అన్నట్టు, ఆ సినిమా మొదలయ్యేది వీరితో కాదు, తమ తొలి పరిచయాన్ని గుర్తుచేసుకునే ఒక వృద్ధ జంటతో. అందువల్ల ప్రేక్షకుడు హ్యారీ, శాలీ ఒక్కటవుతారా అని కాక, ఎలా ఒక్కటవుతారని చూస్తాడు.