జాకెట్ వీపు చదవడం నేర్చుకో

తమ్ముడూ,

హెల్స్ ఏంజెల్స్ అనే అమెరికన్ మోటార్‌సైకిల్ క్లబ్బు మీద నీ వ్యాసం చిత్తుప్రతి అందింది. కథ బాగానే పరిగెత్తించావు గానీ మొదటి పేరాలోనే కాలు జారింది. 1947 జూలైలో బైకర్ల జాతరలో గొడవ చేసి కాలిఫోర్నియాలోని హోలిస్టర్ ఊరిని హడలగొట్టింది వాళ్లు కాదు. ఆ క్లబ్బు పుట్టిందే 1948 మార్చిలో, అదే రాష్ట్రంలోని ఫాంటానా, శాన్ బెర్నార్డినో వైపు. హోలిస్టర్‌ను నేపథ్యంగా వాడుకో, జన్మస్థలం చెయ్యకు. హోలిస్టర్‌లో బీరు సీసాల మధ్య ఒకడు బండెక్కి కూర్చున్న ఆ లైఫ్ పత్రిక ఫొటో ఉంది చూడు, ఆ సీసాలు కావాలని పేర్చి తీసిందేనని అక్కడున్న ఒకాయన తర్వాత చెప్పాడు. బైకర్లలో "నూటికి తొంభై తొమ్మిది మంది బుద్ధిమంతులే" అన్న ప్రకటన కూడా తమ రికార్డుల్లో లేదని అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ అంటోంది. నువ్వేమో దాన్ని కొటేషన్‌లో పెట్టేశావు. మాట ఎవరిదైనా, మిగిలిన ఆ ఒక్క శాతం మేమేనంటూ క్లబ్బులు దాన్ని డైమండ్ ఆకారంలో జాకెట్ మీద కుట్టించుకున్నాయి. రాయాల్సింది అదీ.

క్లబ్బు ఎదుగుదల గురించి మూడు పేరాలు ఆవేశపడ్డావు. దానికి బదులు చేతుల్లేని ఆ జాకెట్ వీపు చూపించు. పైన వంపు పట్టీలో క్లబ్బు పేరు, నడుమ రెక్కల పుర్రె, కింది పట్టీలో ఇలాకా. కొత్తవాడు ముందు క్లబ్బు చుట్టూ తిరగాలి, తర్వాత ప్రాస్పెక్ట్‌గా, అంటే ఇంకా పరీక్షలో ఉన్న అభ్యర్థిగా, చాకిరీ చెయ్యాలి. అప్పటిదాకా పుర్రె ఇవ్వరు. సభ్యులంతా ఒప్పుకుంటేనే ఆ బొమ్మ దక్కుతుంది. క్లబ్బు వదిలితే తిరిగి ఇచ్చెయ్యాలి, ఎందుకంటే గుడ్డ క్లబ్బుది, వీపు మాత్రమే అతనిది. 1970లలో మంగోల్స్ అనే మరో బైకర్ క్లబ్బు తమ కింది పట్టీలో "కాలిఫోర్నియా" అని కుట్టించుకోగానే హెల్స్ ఏంజెల్స్‌తో నెత్తుటి పగ రాజుకుంది. అంతా జానెడు గుడ్డ కోసం! నీ వ్యాసానికి గుండెకాయ అక్కడుంది, నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

1957లో ఓక్లాండ్ శాఖ, దాన్ని నడిపిన సోనీ బార్జర్, 1961లో ఏకంగా న్యూజీలాండ్‌లోని ఆక్లండ్: ఇవి చకచకా చెప్పెయ్. ఆల్టమాంట్ రాక్ కచేరీ దగ్గర మాత్రం ఆగు. 1969 డిసెంబరు 6న అక్కడికి వచ్చిన మెరెడిత్ హంటర్ అనే ప్రేక్షకుడు కత్తిపోట్లకు చనిపోయాడు. పొడిచిన హెల్స్ ఏంజెల్స్ సభ్యుణ్ని ఆత్మరక్షణ కింద జ్యూరీ విడిచిపెట్టింది. నువ్వు "హంతకుడు" అని రాశావు, కొట్టెయ్.

వాళ్లు "క్లబ్" అంటారు, పోలీసులు "గ్యాంగ్" అంటారు. ఎక్కడ ఎవరి మాట వాడుతున్నావో వాక్యంలోనే తెలియాలి. తిరగరాసి పంపు.