నడుములో ‘నరం’ ఉబ్బిందంటారా డాక్టర్‌?

ప్రశ్న: నా వయసు 44. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. కాళ్లలో వెరికోస్ వీన్స్ ఉన్నాయి. ఆర్నెల్లుగా నడుం నొప్పి. ఒక్కోసారి కుడి కాల్లోకి జివ్వున లాగుతోంది. నడుములో నరాలు కూడా కాళ్లలోలాగే ఉబ్బాయేమోనని టెన్షన్‌గా ఉంది. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ భయం సగం ‘నరం’ అన్న మాటతోనే వచ్చింది. సూది నరానికి వేశారంటాం, నరం పట్టేసిందనీ అంటాం. ఆ రెండూ ఒకటి కావు. సూది వేసేది సిరకు. మీ చేతిని కాసేపు కిందికి వేలాడదీయండి, వెనకవైపు ఉబ్బి కనిపించేవి సిరలే. చెయ్యి పైకెత్తితే అణిగిపోతాయి. అవి రక్తాన్ని గుండెకు చేర్చే గొట్టాలు. మీ కాల్లోకి జివ్వుమంటున్నది మాత్రం నాడి, అంటే స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే తీగలాంటిది (నర్వ్). వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జరిగి నాడిని నొక్కితే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

నడుములో సిరలూ ఉన్నాయి. వెన్నెముకకు అటూ ఇటూ నాలుగైదు జతల లంబార్ సిరలు కండరాల నుంచి, వెన్నుపూసల నుంచి రక్తాన్ని తెచ్చి, చాలావరకు పొట్ట లోపలి పెద్ద సిరలో కలుపుతాయి. వీటిని నిలువుగా కలుపుతూ ఇంకో సిర ఛాతీ వైపు వెళ్తుంది. పెద్ద సిర మూసుకుపోతే రక్తానికి అదే పక్కదారి.

వెన్నుపూసల చుట్టూ, వెన్ను కాలువ (వెన్నుపాము, నాడులు ఉండే దారి) లోపలా సన్నటి సిరల వల ఉంటుంది. కాళ్ల సిరల్లో రక్తం కిందికి జారకుండా కవాటాలు (వాల్వులు) ఆపుతాయి. అవి పాడైతేనే వెరికోస్ వీన్స్. ఈ వలలో కవాటాలు దాదాపు ఉండవు కాబట్టి రక్తం ఎటైనా పోగలదు. గట్టిగా దగ్గినా, ముక్కినా కొంత రక్తం ఇటు మళ్లి, మళ్లీ వెనక్కి వెళ్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకే దారుల్లో ఇదొకటని 1940లో అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ వివరించారు. అందుకే గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొత్తగా నడుం నొప్పి మొదలైతే నేను తేలిగ్గా తీసుకోను.

కాళ్లలో సిరలు ఉబ్బినంత మాత్రాన నడుములోవీ ఉబ్బవు. వెన్ను కాలువలోని సిరలు ఉబ్బి నాడిని నొక్కడం చాలా అరుదు. ఉన్నా ఎంఆర్ఐలో తెలుస్తుంది. మీ నొప్పి ఆర్నెల్లుగా ఉంది కాబట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి. గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయండి. నడుముకీ, కాళ్ల సిరలకీ రెండింటికీ మంచిదే.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగం మొద్దుబారినా, కాలు బలహీనపడినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడూ ఆగొద్దు.