మన జూనియర్ వేరు, వాళ్ల జూనియర్ వేరు

ప్రశ్న: బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఫారంలో ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ అని ఉంటే, కాలేజీలో నాకు సీనియర్లు ఉన్నారు కదా అని 'జూనియర్' ఎంచుకున్నాను. తప్పయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఒక గాయని గురించి చదువుతుంటే 'సోఫమోర్ ఆల్బమ్' అని కూడా కనిపించింది. కాలేజీలో ఉండగా పాడిందనా?

జవాబు: తప్పే అమ్మా, కానీ దిద్దుకోగలిగిన తప్పు. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఏడాది ఫ్రెష్‌మన్, రెండో ఏడాది సోఫమోర్, మూడో ఏడాది జూనియర్, చివరి ఏడాది సీనియర్. కాబట్టి మీరు ఇప్పుడు సోఫమోర్. మన దగ్గర జూనియర్ అంటే మన తర్వాత చేరినవాళ్లు. అక్కడ అది అచ్చంగా మూడో సంవత్సరం పేరు.

అక్కడి యూనివర్సిటీలు చాలావరకు దీన్ని క్రెడిట్లతో, అంటే పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లతో లెక్కేస్తాయి. డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు. 30 వస్తే సోఫమోర్, 60 వస్తే జూనియర్, 90 వస్తే సీనియర్. మన బీటెక్ క్రెడిట్ల కొలత వేరు కనుక ఆ లెక్క మీకు వేసుకోకండి, సంవత్సరాన్ని బట్టే రాయండి.

అసలు జాగ్రత్తగా చూడాల్సిన మాట 'రైజింగ్ జూనియర్'. వేసవి ప్రకటనల్లో ఇది తరచూ వస్తుంది. రెండో సంవత్సరం పూర్తిచేసి, సెలవుల తర్వాత మూడో సంవత్సరంలోకి వెళ్లేవాళ్లని అర్థం. అంటే వచ్చే వేసవికి మీరే! ఇది తెలియక, తమకు అర్హత ఉన్న అవకాశాన్ని 'మూడో ఏడాది వాళ్లకేమో' అని వదిలేసే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. మీ ఫారంలో అడిగింది ఇప్పటి సంవత్సరమా, వేసవి నాటిదా అని ఒక్కసారి చూడండి. ఇప్పటిదైతేనే సోఫమోర్.

ఇక పాటల సంగతి. సోఫమోర్ ఆల్బమ్ అంటే ఆ కళాకారుల రెండో ఆల్బమ్, అంతే. చదువుతో సంబంధం లేదు. మొదటిది డెబ్యూ. మొదటిది హిట్టయి రెండోది తేలిపోతే 'సోఫమోర్ స్లంప్' అంటారు. మన సినిమావాళ్లు 'ద్వితీయ విఘ్నం' అంటారే, అదే! బ్రిటన్ గాయని అడెల్ మొదటి ఆల్బమ్ 2008లో వచ్చింది. 2011లో వచ్చిన రెండోది ఆ విఘ్నాన్ని దాటడమే కాదు, మరుసటి ఏడాది గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. 'ఫాలో-అప్' అన్నా తర్వాత వచ్చిన రచన అనే. అది సీక్వెల్ కానక్కర్లేదు, సీక్వెల్‌లో పాత కథ కొనసాగాలి.

ఒక్క హెచ్చరిక. 'సోఫమోరిక్' అంటే పరిణతి లేని అని. మీ ప్రాజెక్టు గురించి ఆ మాట వాడకండి. హైదరాబాద్ కంపెనీలకు పంపే రెజ్యూమెలో సోఫమోర్ అని కూడా వద్దు, 'బీటెక్ సెకండ్ ఇయర్' చాలు.

అడిగింది ఇప్పటి సంవత్సరమే అయి, ఫారం ఇంకా తెరిచి ఉంటే ఈరోజే మార్చండి. పంపేసి ఉంటే చిన్న ఈమెయిల్ రాయండి: నాలుగేళ్ల కోర్సులో రెండో సంవత్సరంలో ఉన్నానని, డిగ్రీ ఏ నెల, ఏ సంవత్సరంలో పూర్తవుతుందో చెప్తూ. ఆ నెల, సంవత్సరం ఉంటే ఏ దేశంవాళ్లకైనా మీరెక్కడున్నారో అర్థమవుతుంది.