ఫజర్ తప్పిన రోజు రాసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె, రొయ్యల చెరువులున్నాయి. నాకు 23 ఏళ్లు. నాన్నగారు "నఫ్స్‌ని అణచు" (లోపలి "నేను"ని అదుపులో పెట్టు) అంటారు. సైకాలజీ పుస్తకాలేమో "నిన్ను నువ్వు ఒప్పుకో" అంటున్నాయి. తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు తప్పిన రోజంతా పనికిరానివాణ్ణని కుంగిపోతున్నాను. దేన్ని నమ్మాలి?

జవాబు: బాబూ, ఖురాన్‌లో నఫ్స్ ఒక్క తీరుది కాదు. చెడుకి ఉసిగొల్పేది అమ్మారా (12:53), తప్పు జరిగితే నిలదీసేది లవ్వామా (75:2), నెమ్మదించినది ముత్మయిన్నా (89:27). లవ్వామా మీద అల్లాహ్ ప్రమాణం చేశాడు. కాబట్టి నమాజు తప్పినందుకు కలిగే బాధ జబ్బు కాదు. "పనికిరానివాణ్ణి" అన్న మాట మాత్రం మీరు దానికి తగిలించింది.

సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పట్టుకున్నది ఈ తగిలింపునే. "ఇలా ఉంటేనే నీకు విలువ" అన్న షరతుల మధ్య పెరిగినవాడు తన తప్పుని సూటిగా చూడలేడు. ఒప్పుకోవడమంటే తప్పుని మెచ్చుకోవడం కాదు, ఉన్నదున్నట్టు చూడడం.

అలాగని రెండు దారులూ ఒకటేనని చెప్పను. మరో సైకాలజిస్టు మాస్లో 1943లో చెప్పిన అవసరాల్లో అన్నిటికన్నా పైది, మనిషి తన శక్తిని పూర్తిగా పండించుకోవడం. సూఫీ గురువు ఇబ్న్ అరబీ చెప్పిన ఇన్సానె కామిల్, అంటే పరిపూర్ణ మానవుడు, అద్దంలాంటివాడు. అందులో కనబడే వెలుగు అతని సొంతం కాదు, దేవుడిది. గమ్యం మీరు ఎంచుకోవాల్సిందే. మొదటి అడుగు మాత్రం రెండింటికీ నిజాయితీగా చూసుకోవడమే.

1111లో కన్నుమూసిన ఇస్లాం పండితుడు గజాలీ, నఫ్స్‌ని వ్యాపారంలో భాగస్వామిలా చూడమన్నాడు. పొద్దున షరతు, పగలు నిఘా, రాత్రి లెక్క. రాత్రి నమాజు ఇషా తర్వాత పది నిమిషాలు కూర్చుని మూడే ముక్కలు రాయండి: ఏం జరిగింది, ఎందుకు, రేపు మార్చే ఒక్కటి. "ఒంటిగంట దాకా ఫోన్. అలారం వినబడలేదు. రేపు పదకొండుకే ఫోన్ వంటింట్లో ఛార్జింగ్." అంతే. "సోమరిని", "వెధవని" లాంటి మాటలు పడితే కొట్టేయండి. రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే మీరు చెరువుని తిట్టరు కదా, తర్వాతి మేత తగ్గిస్తారు. నిద్రలో తప్పిన నమాజుని లేవగానే చదువుకోమన్న హదీసు (ప్రవక్త మాట) ఉంది, సాయంత్రం దాకా కుమిలిపోమని కాదు.

చాలామంది నాలుగు మార్పులు ఒకేసారి మొదలెట్టి మూడో రోజుకే పుస్తకం మూసేస్తారు. కొంచెమైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కి ఎక్కువ ఇష్టమని ప్రవక్త మాట. రాత్రి లెక్క తర్వాత గజాలీ చెప్పిన, తప్పుకి తనకు తానే శిక్ష వేసుకునే మెట్టు జోలికి ఇప్పుడు వెళ్లొద్దు, కుంగిన మనసుకి అది మందు కాదు.

నాన్నగారితో వాదనకి దిగకండి. చెరువు గట్టు మీద తీరిగ్గా ఉన్నప్పుడు, "నేను దారి తప్పుతానని భయమా నాన్నగారూ?" అని అడిగి, పూర్తయ్యేదాకా వినండి. ఆయన చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అని అడిగాకే ఈ నోట్‌బుక్ సంగతి ఎత్తండి.

నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటితే డాక్టర్ని కలవండి. చావు ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా వెంటనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.