అపార్టుమెంటులో కుక్కపిల్ల కోసం నిజమైన గడ్డి పెంచవచ్చా?

నాలుగో అంతస్తులో ఉంటున్నాం, కుక్కపిల్ల మలమూత్రాల కోసం ఇంట్లోనే నిజమైన గడ్డి పెంచితే నిలుస్తుందా అని అడిగారు. నిలుస్తుంది, కానీ గది లోపల కాదు, ఎండ పడే బాల్కనీలో. మన గరికకు రోజులో చాలాసేపు నేరుగా ఎండ తగలాలి. నీడలో అది పలచబడి పసుపు రంగుకు తిరుగుతుంది. ఎండ తక్కువైతే వెడల్పాటి ఆకులుండే బఫెలో గడ్డి కొంత మేలు.

గడ్డిని మాడ్చేది మూత్రంలోని యూరియా, లవణాలు. పొలంలో ఒకేచోట గుప్పెడు యూరియా పడితే పైరు ఎలా మాడుతుందో ఇదీ అంతే. కాబట్టి కుక్కపిల్ల పోసిన వెంటనే అక్కడ ఒకటి రెండు మగ్గుల నీళ్లు పోయండి. ఆ నీరు దిగిపోవడానికి గడ్డి పెంచే ట్రే అడుగున రంధ్రాలు, గులకరాళ్లు, వాటిపై ఇసుక కలిపిన మట్టి ఉండాలి. కింద పెట్టిన పళ్లెంలోని నీటిని రోజూ పారబోయకపోతే వాసన, దోమలు తప్పవు. వేరే ఎరువు వేయవద్దు. రెండు ట్రేలు పెట్టుకుని వారానికొకటి మార్చి వాడితే గడ్డి కోలుకుంటుంది.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వీధి మట్టి నుంచి పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు సోకే ప్రమాదం ఉంది. ఆ కొన్ని వారాలకైనా ఈ శ్రమ పడటం మంచిదని నా అభిప్రాయం. నిద్ర లేవగానే, తిన్న తర్వాత గడ్డి మీదికే తీసుకెళ్లండి. పాదాలకు తగిలే ఆ స్పర్శే దానికి గుర్తుండిపోతుంది. మలాన్ని మాత్రం వెంటనే తీసేయాలి, అందులో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. నర్సరీలో గడ్డి కొనేటప్పుడు పురుగుమందు కొట్టారేమో తప్పక అడగండి, కుక్కపిల్లలు గడ్డిని నములుతాయి.