తలంటు అంటేనే హడలిపోతున్నాడు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఒంటికి స్నానం ఎలాగో అయిపోతుంది. ఆదివారం తలంటు అంటే మాత్రం ఒకటే ఏడుపు. మా అత్తగారు చేతులు పట్టుకుంటే నేను గబగబా నీళ్లు పోసేస్తాను. క్షవరానికీ, చొక్కా మెడ దగ్గరి లేబుల్‌కీ ఇదే గొడవ. గారాబం ఎక్కువై మొండికేస్తున్నాడంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: లేబుల్, కత్తెర, తలంటు మూడూ ఒక కోవలోవే. కొందరు పిల్లలకు స్పర్శ, చప్పుడు, వాసన మనకన్నా చాలా ఎక్కువగా తెలుస్తాయి. వాళ్లకు గట్టిగా అదిమితే ఫర్వాలేదు గానీ, పైపైన తాకితే చిరాకు. షవర్ తుంపర అందుకే గుచ్చుకున్నట్టుంటుంది. దానికితోడు తల వెనక్కి వంచగానే పడిపోతున్నట్టు భయం, ఎప్పుడు మొహం మీద పడతాయో తెలియని నీళ్లు. చేతులు పట్టుకుని గబగబా కానిస్తే ఆ నిమిషం గడుస్తుంది, వచ్చే వారానికి భయం రెట్టింపవుతుంది. ముందు అది మానండి.

కొన్నాళ్లు తలంటునీ, ఒంటి స్నానాన్నీ వేర్వేరు పూటలకు మార్చండి. పీట మీద కూర్చోబెట్టి గడ్డం ఛాతీకి ఆనేలా తల ముందుకు వంచమనండి. మడిచిన పొడి తువ్వాలును కళ్ల మీద వాడే అదిమి పట్టుకోవాలి. అరలీటరు చెంబు తలకు ఆనించి, మాడు వెనక నుంచి పోయండి. ఎత్తు నుంచి పోయొద్దు. 'మూడు చెంబులు' అని ముందే చెప్పి, పైకి లెక్కపెట్టి, మూడో దానితో ఆపాలి. నురగ మిగిలితే కాసేపు ఆగి, వాడు సరేనన్నాకే మరో మూడు. ఇక్కడ మాట తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

చెంబులు తగ్గాలంటే నూనె తగ్గాలి. తల నిండా నూనె పెడితే షాంపూ ఎక్కువ పడుతుంది, కడగడానికి నీళ్లూ ఎక్కువే. ఆనవాయితీ కోసం ఒక్క బొట్టు నూనె చాలు. వాసన లేని పిల్లల షాంపూ అర చెంచా, మగ్గులో కొద్ది నీళ్లతో కలిపి వాడండి. రుద్దేటప్పుడు వేళ్ల కొసలతో కాకుండా అరచేత్తో అదమండి. కుంకుడు రసం కళ్లల్లో పడితే పెద్దవాళ్లమే తట్టుకోలేం, వాడికి ఇప్పట్లో వద్దు. సున్నిపిండి గరుకు కూడా పడదు. అత్తగారు నొచ్చుకోవచ్చు. చెంబులు లెక్కపెట్టే పని ఆవిడకు అప్పగించండి.

బకెట్‌లోకి నీళ్లు పడే చప్పుడు బాత్రూమ్‌లో మారుమోగుతుంది. వాడు రాకముందే నింపేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపండి. నీళ్లు ఒంటి వేడికి సరిపోవాలి, అంటే 37 డిగ్రీల దరిదాపు. మోచేత్తో చూడండి. చల్లారితే కలపడానికి వేడినీళ్లు వాడికి అందనంత దూరంలో ఉంచుకోండి. బయటికొచ్చాక గదిలో ఫ్యాన్ వేసి ఉండకూడదు. తడి ఒంటికి ఆ గాలే మరో గొడవ. తువ్వాలు చుట్టి అదమండి, రుద్దకండి.

నిన్నమొన్నటిదాకా బాగానే పోయించుకుని ఈమధ్యే ఏడుస్తుంటే చెవిపోటు, తలలో పుండ్లు ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించండి. మాటలు ఆలస్యమవడం, పిలిస్తే పలకకపోవడం, తిండిలోనూ విపరీతమైన పట్టింపులు ఉంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు (స్నానం, తిండి లాంటి రోజువారీ పనులు పిల్లలకు ఇబ్బంది లేకుండా అలవాటు చేసే నిపుణులు) అవసరం. ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్స కేంద్రాల్లో 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితంగా చూస్తారు. వెళ్లేముందు వారం రోజుల పాటు దేనికి, ఎంతసేపు ఏడ్చాడో, ఏం చేస్తే ఊరుకున్నాడో రాసి పెట్టుకోండి.